పెద్దమ్మ వేళ్లు

మా పెద్దమ్మకూ బాపుకూ నడుమ మాటలు లేవు. ఉన్నవన్నీ నా మీదుగానే నడిచేవి.

పానగల్‌లో పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడల్లా బాపు వాకిట్లోనే ఆగిపోతే, పెద్దమ్మ గడపలో కూర్చొని, "నిరోషా, మీ బాపు చాయ తాగుతడేమో అడుగు" అనేది. నేను బాపు వైపు తిరిగి "చాయ తాగుతవా బాపూ?" అనేదాన్ని. "వద్దని చెప్పు" అనేవాడు. "వద్దంట పెద్దమ్మా." ఇద్దరి చెవులూ బాగానే పనిచేసేవి. అయినా నేను చెప్పేదాకా ఆ మాట వాళ్లకు వినబడనట్టే. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. అప్పటి నుంచి నాకిదే పని. నలుగురిలో నోరు విప్పాలంటే నా గొంతు ఎండుకుపోతుంది గాని, ఒకరి మాట ఇంకొకరికి మోయడం మాత్రం బాగా వచ్చు.

వాళ్లెందుకు మాట్లాడుకోరో నాకు తెలియదు. బాపుకు కూడా తెలియదన్న సంగతి పోయిన ఏడు పత్తి కాలంలో బయటపడింది.

మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. బాపు పేరు మైసయ్య. కౌలు చేలో పత్తి వేస్తాడు, చేను పని లేనప్పుడు కూలికి పోతాడు. ఇంట్లో మేమిద్దరమే. నా జడలు బాపే అల్లేవాడు. జనుము తాళ్లు పేనిన చేతులు ఆయనవి. పొద్దున్నే నేను దువ్వెన పట్టుకొని ఆయన ముందు కూర్చుంటే, తల వెనక్కి గుంజి మరీ అల్లేవాడు. "వదులైతే బళ్లెనే ఊడిపోతది బిడ్డా" అనేవాడు. సాయంత్రం దాకా ఒక్క వెంట్రుక కదిలేది కాదు. "మీ బాపు నీకు జడ ఏస్తడా, ఎద్దుకు పగ్గం పేన్తడానే?" అని మా పదో తరగతి పూజ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నాకు ఆ జడలంటే గొప్ప.

ఆ ఏడు వానలు ముందే పడి పత్తి ముందే పగిలింది. కూలీలు చాలినంత మంది దొరకలేదు. ఆదివారాలు పూర్తిగా, మిగతా రోజుల్లో బడికి ముందు, నేనూ చేలోకి దిగాను. పత్తి ఏరడమంటే నడుము వంచి నడవడమే. నడుముకు కట్టుకున్న సంచి నిండే కొద్దీ కిందికి గుంజుతుంది. మా దగ్గర ఏరే ఆడవాళ్లంతా పొద్దున చాయ తాగి ఒక నొప్పి గోలీ మింగి చేలోకి వస్తారు. మా పక్కింటి భద్రమ్మ అయితే గోలీలను కొంగుకు ముడేసుకొని తెచ్చి, పోకచెక్కలు పంచినట్టు పంచేది. "ఏస్కో పోరీ, నడుము ఎన్నపూస లెక్క వంగుతది" అనేది. నాకు మాత్రం బాపు కిరాణా దుకాణంలో వేరుగా కొని తెచ్చేవాడు. రోజూ తన చేత్తో ఇచ్చి, చెంబుతో నీళ్లిచ్చేవాడు.

కమిలిన మరకలు అప్పుడే ఎక్కువయ్యాయి. చిన్నప్పటి నుంచీ నాకు ఒకటీ అరా ఉండేవి. ఆ కాలంలో మాత్రం ఒంటి మీద ఎక్కడ చూసినా అవే. బెంచీ అంచు తగిలినా, బిందె నడుము మీద పెట్టుకున్నా, మర్నాటికి అక్కడ నేరేడు పండు నలిపినట్టు ఉండేది. కొన్ని ఎక్కడ తగిలాయో నాకే గుర్తుండేది కాదు. బాపు మొదట చూసి "గిదేంది బిడ్డా, యాడ పడ్డవ్?" అన్నాడు. "యాడ పడలే బాపూ" అన్నాను. పసుపు ఉడకబెట్టి పట్టు వేశాడు. పసుపు కిందే మరక ఇంకా పెద్దదయింది.

ఒకరోజు సుచరిత మేడం నన్ను బోర్డు మీద లెక్క చేయమంది. చెయ్యి పైకెత్తేసరికి జాకెట్టు చెయ్యి జారింది. చాక్‌పీసు కదులుతుంటే నా వెనక క్లాసంతా నిశ్శబ్దమైపోవడం వినబడింది.

విరామంలో మేడం నన్ను స్టాఫ్ రూముకు పిలిచింది. తలుపు తనే దగ్గరికి వేసింది. "ఎవరు కొట్టిండ్రు తల్లీ?"

"ఎవ్వరు కొట్టలే మేడం."

"భయపడకు. నేనున్న గద. మీ బాపు తాగుతడా?"

"కల్లు తాగుతడు మేడం."

"ఎప్పుడు?"

"కల్లు వచ్చినప్పుడు."

మేడం కళ్లు తడి అయ్యాయి. ఆమె మంచిది. అందుకే నాకు ఏం చేయాలో తోచలేదు. కొట్టలేదన్న కొద్దీ ఆమెకు నా మీద జాలి పెరిగింది. ఊరుకుంటే అదీ ఒక జవాబే అయింది.

ఆ సాయంత్రం మేడం, భద్రమ్మ, సంఘం ఆడవాళ్లు ఇంకో ఇద్దరు మా ఇంటికి వచ్చారు. బాపు చాప మీద కూర్చొని చినిగిన పత్తి సంచి కుడుతున్నాడు. లేచి చాప దులిపి వేశాడు. ఎవరూ కూర్చోలేదు.

"మైసయ్యా, తల్లి లేని పిల్లరా. చెయ్యెట్ల లేస్తదిరా నీకు?" అంది భద్రమ్మ.

"నేను కొట్టలేదక్కా."

"మరి గా మరకలేంది, మొగులుకెళ్లి రాలినయా?"

బాపు నా వైపు చూశాడు. నేను చెప్పగలిగినంత గట్టిగా చెప్పాను. "బాపు కొట్టలే."

"సూడు, పిల్లను ఎట్ల బెదిరిచ్చి పెట్టిండో" అంది వెనకామె.

బాపు ఇంకోసారి "కొట్టలేదు" అనలేదు. సూది దారం చేతిలో అలాగే పట్టుకొని, వాళ్లు పోయేదాకా నిలబడే ఉన్నాడు.

మరుసటి పొద్దున ఎప్పటిలాగే దువ్వెన తీసుకొని ఆయన ముందు కూర్చున్నాను. వెనక నుంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. తిరిగి చూస్తే బాపు లేడు. చేలోకి వెళ్లిపోయాడు. నా జడలు నేనే వేసుకున్నాను. ఒకటి లావుగా, ఒకటి సన్నగా వచ్చింది.

అప్పటి నుంచి అన్నం పళ్లెం నా చేతికివ్వలేదు. నేల మీద పెట్టి నా వైపు జరిపేవాడు. బజార్లో నా పక్కన నడిచేవాడు కాదు, వెనక వచ్చేవాడు. ఒకసారి వానకు వాకిట్లో నేను జారబోతే, పట్టుకోవడానికి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నేను గుంజను పట్టుకొని నిలబడ్డాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

కబురు పానగల్ దాకా పోయింది. మూడో నాటికి స్వర్ణ పెద్దమ్మ బస్సు దిగింది. ఆమె అమ్మకు అక్క. అక్కడి బళ్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. కుడిచేతి చూపుడు వేలుకు కొస లేదు. పెద్ద గిన్నె మూత కింద నలిగిపోయింది. ఆ పొట్టి వేలు చూపిస్తూ మాట్లాడుతుంటే ఎవరూ ఎదురు చెప్పరు.

ఆమె మా వాకిట్లోనే నిలబడింది. నా చేతులు తిప్పి తిప్పి చూసింది. పళ్లు బిగించింది. "నిరోషా, మీ బాపుకు చెప్పు. పిల్ల ఇగ నా దగ్గరుంటది."

బాపు గుమ్మంలోనే ఉన్నాడు. నేను తిరిగి, "బాపూ, నేను ఇగ పెద్దమ్మ దగ్గరుంటనంట" అన్నాను. నా నోటితో నేనే అన్నాను ఆ మాట.

"మీ పెద్దమ్మకు చెప్పు" అన్నాడు బాపు. నా సంచి తెచ్చి గడపలో పెట్టి, "పిల్లకు రాత్రిళ్లు ముక్కుల నెత్తురు పడ్తది, తలగడ ఎత్తుగ పెట్టాలె అని చెప్పు" అన్నాడు.

నేను అలాగే చెప్పాను. పెద్దమ్మ విననట్టు నా సంచి చంకనేసుకుంది.

*

పానగల్‌లో పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. పెద్దనాయిన లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. కూతురు స్నేహలత అక్కకు కిందటేడే పెళ్లయింది. పెద్దమ్మ నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. దసరా సెలవులు మొదలయ్యాయి గనుక బడీ లేదు. పొద్దంతా వాకిట్లో కూర్చొని దారిన పోయే వాళ్లను చూసేదాన్ని. పిల్లలు పూలకు పోతూ "ఎవలే ఈ పిల్ల?" అని నన్నే అడిగేవాళ్లు. జవాబు చెప్పేలోపే వెళ్లిపోయేవాళ్లు.

తలంటు పోసేటప్పుడు పెద్దమ్మ నా చేతులు ఎత్తించి, కాళ్లు చాపించి చూసేది. నల్ల మరకలు ఆకుపచ్చ అయ్యాయి. ఆకుపచ్చవి పసుపు తిరిగాయి.

"సూసినవా? నా ఇంటికొచ్చినంక ఒక్క కొత్తది లేదు."

"పత్తి ఏరుతలేను గద పెద్దమ్మా, గందుకే."

"పత్తి కొడ్తదానే మనిషిని?"

నేను చెంబెడు నీళ్లు నెత్తిన పోసుకున్నాను. ఆ మరకలు మానుతుంటే నాకు ఏడుపొచ్చేది. ఒక్కొక్కటి మాయమైన కొద్దీ బాపు నిజంగానే కొట్టినవాడు అవుతున్నాడు. స్నానం చేసేటప్పుడు మోచేతి మీద మిగిలిన ఆఖరి మరకను వేలితో నొక్కి, పోకు అనుకునేదాన్ని.

బాపు సాయంత్రాలు ఫోన్ చేసేవాడు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

ఆ తర్వాత ఆయన ఊపిరి వినబడేది. మా మేక అరుపు వినబడేది. ఒకసారి పెద్దమ్మ పొయ్యి దగ్గర నుంచే గట్టిగా అంది. "మీ బాపుకు చెప్పు, బళ్లె టీసీ తీస్కొచ్చి ఇయ్యమను. ఈడనే పది రాస్తవ్."

ఆ మాట నేను మోయలేదు. ఫోన్ చెవికి పెట్టుకొని ఊరుకున్నాను. ఆయనకు వినబడే ఉంటుంది. "పత్తి అమ్మినంక తెస్తనని చెప్పు మీ పెద్దమ్మకు" అన్నాడు. వద్దంటాడనుకున్నాను. ఒక్కసారైనా వద్దంటాడని.

*

సద్దుల బతుకమ్మ ముందు రోజు ఇంట్లో ఉన్న బొంతలన్నీ ఉతకాలి. చెరువు కింది కాలువకు ఇద్దరం పోయాం. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత నీళ్లలో నానితే ఇద్దరు పిండినా లొంగదు. పెద్దమ్మ ఒక కొస పట్టుకుంది, నేను ఇంకో కొస పట్టుకొని కిందిమెట్టు మీద నిలబడ్డాను. కాలువలో నీళ్లు జోరుగా పోతున్నాయి. బొంత విప్పుకొని తెరచాపలా ఉబ్బింది. పెద్దమ్మ చేతిలోంచి జారింది. నేను వదల్లేదు. కాలి కింద పాచి కదిలింది.

నడుము దాకా నీళ్లలోకి పోయాక నా రెట్ట మీద, మోచేతికి పైన, ఒక చెయ్యి పడింది. పెద్దమ్మ మెట్టు మీద బోర్లా పడుకొని, ఒక్క చేత్తో నన్ను గట్టుకు గుంజింది. బొంత నీళ్ల వెంట పోయింది.

"ఇడిశిపెట్టరాదానే, బొంత పోతె పోయె" అంది రొప్పుతూ.

"కొత్త బొంత గద పెద్దమ్మా."

"నీకన్న కొత్తదా?" అంది. నా తల తుడుస్తూ అదే కొంగుతో తన కళ్లు కూడా తుడుచుకుంది. అమ్మ పోయాక నన్ను ఎవరైనా అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదటిసారి.

మరుసటి పొద్దున పొయ్యి మీద చాయ మరుగుతోంది. నేను మొహం కడుక్కొని, చేతులు లేని బనియన్‌తోనే లోపలికి వచ్చాను. పెద్దమ్మ మంచినీళ్ల గ్లాసు అందివ్వబోయి ఆగింది.

నా రెట్ట మీద బయటి వైపు వరసగా నాలుగు మరకలు. లోపలి వైపు ఒకటి, లావుగా.

గ్లాసు కింద పెట్టింది. దగ్గరకు వచ్చి తన కుడిచెయ్యి మెల్లగా నా రెట్ట మీద ఆనించింది. ఒక్కొక్క వేలూ దాని చోట్లో కూర్చుంది. మరకల్లో కూడా చూపుడు వేలు పొట్టిగానే ఉంది.

చాయ పొంగి పొయ్యిలో పడింది. ఆమె చూడలేదు.

"నొస్తాందా?"

"లేదు."

"గంత గట్టిగ పట్టిన్నా నేను?"

"పట్టకపోతె పోతుంటి గద పెద్దమ్మా."

ఆమె పొయ్యి పక్కన పీట మీద కూర్చుంది. తన చెయ్యి ఒళ్లో పెట్టుకొని దాన్నే చూసుకుంది. "మీ అమ్మకు గాజులు ఎక్కిస్తె చెయ్యంత నల్లవడేది" అంది. "గాజులామెను మా అవ్వ తిట్టేది, మెల్లగ ఎక్కియ్యరాదా అని. లేత చెయ్యి అని నవ్వుకునేటోళ్లం. గప్పటికి మా చెల్లె శ్రీదేవికి పెండ్లి గాలే." "పెండ్లి గాకముందే" అంది మళ్లీ. అది నాతో అన్నది కాదు.

పండుగ పూట కూర వండింది గాని ఆమెకు ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కొని వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. "మీ బాపును నల్గొండ పెద్దదవాఖానకు రమ్మను. పండుగ ఒడిసిన తెల్లారి."

*

బాపు మాకంటే ముందే వచ్చి దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. దగ్గరకు రాలేదు.

డాక్టరమ్మ పేరు శ్రీవాణి. చిన్న మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. నా చేతులు చూసింది, చిగుళ్లు చూసింది, కడుపు నొక్కి చూసింది. ముక్కులో నెత్తురు పడుతుందా అని అడిగింది. పళ్లు ఊడినప్పుడు ఎంతసేపు కారిందని అడిగింది. "ఒక పూటంత కారింది" అన్నాడు బాపు తలుపు దగ్గర నుంచి. ఆ తర్వాత డాక్టరమ్మ నా నెలసరి గురించి అడిగింది. బాపు ఎవరూ చెప్పకుండానే బయటికి పోయి తలుపు దగ్గరికేశాడు.

"అందరి తీరుగనే డాక్టరమ్మా" అంది పెద్దమ్మ.

"మీరు కాదమ్మా. పాప చెప్పాలి."

గదిలో ముగ్గురమే ఉన్నాం. మోయడానికి నా దగ్గర ఎవరి మాటా లేదు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు, పెన్ను మూత పెట్టి కూర్చుంది.

"వారం దాటినా ఆగది" అన్నాను. "ఎన్ని గుడ్డలు పెట్టుకున్నా ఆగది. గడ్డలు గడ్డలు పడ్తది. గప్పుడు బడికి పోను. లేసి నిలవడితె కండ్లకు చీకట్లొస్తయి."

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఎన్నడు చెప్పకపోతివేందే?"

"ఎవలకు చెప్పాలె పెద్దమ్మా?"

పెద్దమ్మ తన కుర్చీని నా దగ్గరికి జరుపుకుంది.

బాపును లోపలికి పిలిచారు. గోలీలేమైనా వాడుతుందా అని డాక్టరమ్మ అడిగితే, బాపు చొక్కా జేబులోంచి నొప్పి గోలీల పట్టీ తీశాడు. నా నడుము నొస్తుందేమోనని తెచ్చాడు. "పత్తి ఏరేటప్పుడు రోజుకొకటి ఇస్తుంటి డాక్టరమ్మా."

ఆమె పట్టీ తిప్పి చూసింది. "ఇలాంటివి రక్తాన్ని గడ్డకట్టనివ్వవు. మామూలు వాళ్లకు అంతగా తెలియదు. ఈ పాపకు అసలే గడ్డకట్టే గుణం తక్కువ ఉన్నట్టుంది. దాని మీద ఇవి వేస్తే ఒళ్లంతా కమిలిపోతుంది."

"నేనే తెచ్చిచ్చిన" అన్నాడు బాపు. అంతే అన్నాడు.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? తల్లికి?"

"రెండో కాన్పుల పోయింది. బిడ్డ గూడ దక్కలే. నెత్తురు ఆగనే లేదు. ఆటో దొరికిచ్చుకొని తెచ్చేటాల్లకు..." బాపు పెద్దమ్మ వైపు చూసి నేల వైపు తిప్పుకున్నాడు చూపు. "ఆటో ఆలిశమైంది. నాదే తప్పు. గందుకే వదినె నాతోని మాట్లాడది."

పెద్దమ్మ కుర్చీ అంచును పట్టుకుంది. డాక్టరమ్మ వైపే చూస్తూ చెప్పింది. "మా చెల్లెకు ఆఖరి తానం పోసింది నేనే. చేతులకు, తొడలకు, వీపుకు అన్ని మరకలే ఉండె. నల్లగ. నేను ఇంకోటి అనుకున్న."

బాపు తల ఎత్తాడు. ఇన్నేళ్లు ఆయన ఆటో గురించే అనుకున్నాడు. ఆమె ఏమనుకుందో ఇప్పుడు తెలిసింది. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. గోలీల పట్టీని చిన్నగా మడిచి, ఇంకా చిన్నగా మడిచి, పిడికిట్లో పెట్టుకున్నాడు. బయట ఎవరో చక్రాల కుర్చీ తోసుకుపోతుంటే దాని చప్పుడు చాలా దూరం దాకా వినబడింది.

రక్తం తీశాక ఆ చోట దూది చాలాసేపు ఒత్తిపట్టాల్సి వచ్చింది. ఇక్కడి పరీక్షలు కొన్ని, హైదరాబాదుకు పంపినవి కొన్ని. అవి వచ్చేదాకా నేను పానగల్‌లోనే ఉన్నాను. దీపావళి దాటాక మళ్లీ పోయాం. పుట్టుకతోనే నా రక్తంలో ఒక పదార్థం తక్కువట. దెబ్బ తగిలిన చోట రక్తాన్ని అంటించి ఆపేది అదేనట. దానికో పొడవాటి పేరుంది. పెద్దమ్మ పలకబోయి రెండుసార్లు తడబడి వదిలేసింది. కన్నవాళ్ల నుంచి వస్తుందట. పూర్తిగా పోదు గాని దాంతో హాయిగా బతకొచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఆ నొప్పి గోలీలు ముట్టొద్దంది, నొప్పికి వేరేది రాసింది. నెలసరి రోజుల్లో నెత్తురు తగ్గడానికి గోలీలు, ఒంట్లో రక్తం పెరగడానికి ఐరన్ గోలీలు ఇచ్చింది. పన్ను పీకించుకున్నా, ఆపరేషనైనా, రేపు కాన్పయినా ముందుగా ఈ సంగతి డాక్టర్లకు చెప్పాలంది.

"మీరూ పరీక్ష చేయించుకోండమ్మా" అంది పెద్దమ్మతో.

"ఈ వయసుల నాకెందుకు డాక్టరమ్మా?"

"మీకో కూతురుందన్నారు కదా."

పెద్దమ్మ వెంటనే వరండాలోకి పోయి స్నేహలత అక్కకు ఫోన్ చేసింది. బాపు కదల్లేదు. "అప్పుడే గీ సంగతి ఎరికై ఉంటె" అన్నాడు, "ఈ పిల్ల తల్లి దక్కుతుండెనా?"

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అది నేను చెప్పలేను. ఈ పాప సంగతి మాత్రం మనకు తెలిసింది."

బాపు సరే అన్నట్టు తల ఊపి, నా మందుల సంచి చేతిలోకి తీసుకున్నాడు.

*

నా బట్టల కోసం పానగల్ పోయాం. బాపు ఎప్పటిలాగే వాకిట్లో ఆగిపోయాడు. పెద్దమ్మ లోపల పళ్లాలు పెట్టిన చప్పుడైంది. గడపలోకి వచ్చి నిలబడింది. నేను ఇద్దరి నడుమ, నా చోట్లో నిలబడ్డాను.

"మరిదీ, లోపల్కి రా. అన్నం తిని పోదురు."

బాపు నా వైపు చూశాడు. అలవాటు ప్రకారం, ఆ మాట నేను అందిస్తానని చూశాడు. నేను నోరు తెరవలేదు. ఎండలో చెప్పులు విడిచి, గడప దాటేటప్పుడు తల అవసరం లేనంత కిందికి వంచి, ఆయన లోపలికి పోయాడు. పెద్దమ్మ వడ్డిస్తుంటే ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. పప్పులో ఉప్పు తక్కువైంది. ఎవరూ అడగలేదు. నేను కూడా.

ఊళ్లో సంగతి తెలిశాక భద్రమ్మ బోరింగు దగ్గర అందరికీ చెప్పింది. "నేను ముందుగాల్నే అన్న, మైసడు గసొంటోడు గాదని." సుచరిత మేడం ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి, ఏదో చెప్పాలని చెప్పలేక కూర్చుంది. బాపు ఆమెకు మంచినీళ్లిచ్చి, "పిల్ల లెక్కలల్ల వెనకవడ్డది మేడం, జర చూడుండ్రి" అన్నాడు.

అంతా సర్దుకున్నట్టే ఉంది. అన్నం పళ్లెం మాత్రం ఇంకా నేల మీదే జరుగుతోంది. ఇదివరకు జనం మాటలకు భయపడి ముట్టుకోలేదు. ఇప్పుడు, ముట్టుకుంటే నిజంగానే కమిలిపోతానని తెలిసింది. గోడకు, మంచం కోడుకు, తలుపు అంచుకు పాత గుడ్డలు చుట్టాడు. బిందె ఎత్తనివ్వలేదు. గాజు సామాను దుకాణంలోకి వచ్చినవాడిలా నా చుట్టూ తిరిగాడు.

మళ్లీ బడికి పోయే మొదటి పొద్దున దువ్వెన పట్టుకొని ఆయన ముందు కూర్చున్నాను. ఈసారి లేచిపోలేదు. కొసవేళ్లతో, ఊపిరి బిగబట్టి అల్లాడు. తల మీద చెయ్యి ఉందో లేదో కూడా తెలియలేదు. ప్రార్థన అయ్యేలోపే రెండు జడలూ విడిపోయి భుజాల మీద పడ్డాయి. "ఏందే, పగ్గం తెగిందా?" అంది పూజ.

మరుసటి రోజు మళ్లీ కూర్చున్నాను. బడి బస్సు హారను వినబడేదాకా ఆ మాట నోట్లోనే పెట్టుకొని తిప్పాను. అది ఎవరూ నాకు ఇచ్చి పంపిన మాట కాదు.

"బాపూ, గుంజి అల్లు. ఊడిపోతాంది."

"నల్లవడ్తదేమో బిడ్డా."

"పడితె పడనియ్యి."

వెనక నుంచి చాలాసేపు ఏ చప్పుడూ రాలేదు. నేను తిరిగి చూడలేదు. మా మేక దాని తాడును అదే గుంజుకుంటూ అరిచింది. అప్పుడు దువ్వెన పళ్లు నా మెడ మీద ఆనాయి, నా తల మెల్లగా వెనక్కి వంగింది.